ఇంకా డిసైడ్ అవ్వలేదండీ

మొన్న కానూరులో ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. మా వరసలోనే, నాకు రెండు కుర్చీల అవతల ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాసి వచ్చిన కుర్రాడు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న పెద్దాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, ‘ఏం బాబూ, ఇప్పుడేం చేద్దామని?’ అన్నారు.

‘ఇంకా డిసైడ్ అవ్వలేదండీ.’

సాంబారు బకెట్ పట్టుకున్న మనిషి అక్కడే నిలబడిపోయాడు. కుర్రాడి తల్లి ఆవకాయ వైపు తల దించుకుంది. ఆ ఇంట్లో ఏదో అయిందని బంతి బంతికీ తెలిసిపోయింది.

ఆ తల్లి బాధ నాకు అర్థమైంది. ఇది విజయవాడ. ప్రకాశం బ్యారేజీ కట్టి, కృష్ణమ్మనే తూర్పు కాలువ, పశ్చిమ కాలువ అని రెండు గ్రూపులు చేసి పంపే ఊరు. 1957 నుంచీ అంత నది కిక్కురుమనకుండా ఎంపీసీ, బైపీసీల్లా విడిపోయి వెళుతోంది. మిగిలిన నీళ్లు సముద్రంలోకి పోతాయి. వాటినే మనవాళ్లు ఆర్ట్స్ గ్రూపులంటారు. అలాంటి చోట నిండా పద్దెనిమిదేళ్లు లేని కుర్రాడు ‘ఇంకా తేలలేదు’ అనడం ఎంత అహంకారం!

పైగా తేల్చుకోవడానికి కష్టమేముంది? కప్పని కొయ్యాలంటే భయమా, ఎంపీసీ. లెక్కలంటే భయమా, బైపీసీ. రెండూ భయమైతే సీఈసీలో చేరి సీఏ. ఏదన్నా భయం లేకపోతే సివిల్స్ రాయించి ఆ లోటు కూడా తీర్చేస్తారు. ఈ పద్ధతిలో ఇష్టానికి గడి లేదు కాబట్టి పని త్వరగా అయిపోతుంది. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. నెగటివ్ మార్కులు లేవు, తెలియకపోయినా ఏదో ఒకటి నొక్కి రావచ్చు. ఫంక్షన్ హాల్లో ఆ వెసులుబాటు ఉండదు. ఒకటే ప్రశ్న, ‘ఏమో’ అన్నావా, మేనమామల వైపు నుంచి కూడా మార్కులు కోస్తారు.

కెరీర్ గైడెన్స్‌కి ఆద్యుడని ఫ్రాంక్ పార్సన్స్ అనే అమెరికా ఆయన్ని చెబుతారు. కుర్రాళ్లకి దారి చూపించడానికి 1908లో బోస్టన్‌లో ఒక బ్యూరో తెరిచాడు. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత ఏ పని ఎలా ఉంటుందో తెలుసుకో, ఆపైన రెండిటికీ పొంతన చూసుకో అన్నాడు. పొంతన చూడటం మనకి కొత్తా? అది పెద్దవాళ్లు చూస్తారు. మొదటి రెండూ దండగ ఖర్చు. ఇంతకీ ఈయనేం చేశాడయ్యా అంటే ఇంజినీరింగ్ చదివి, రైల్వేలో పని చేసి, బడిలో పాఠాలు చెప్పి, లాయరై, లా కాలేజీలో లెక్చరరై, మధ్యలో బోస్టన్ మేయర్ పదవికి నిలబడి ఓడిపోయాడు. ఇవన్నీ అయ్యాకే ఇంకొకళ్లకి దారి చెప్పడానికి కూర్చుని, ఆ ఏడాదే కన్నుమూశాడు. పటమటలో పుట్టుంటే రైల్వే ఉద్యోగం మానేస్తానన్న రోజే పెదనాన్నలు నలుగురు హాల్లో కుర్చీలు వేసుకునేవాళ్లు.

మా బంతిలో మాత్రం సలహాలకి కొదవ లేదు. ప్రశ్న వేసిన పెద్దాయన సివిల్ ఇంజినీరు. బందరు రోడ్డులో టైల్స్ షాపు. ఆయన పక్కాయన ఎమ్మెస్సీ బోటనీ చేసి బ్యాంకులో రిటైరయ్యారు. మా బావగారు బీకాం. అమరావతి వైపు ప్లాట్లు అమ్మేవారు, 2019 చివర్లో మూడు రాజధానులన్నాక కర్రీ పాయింట్ పెట్టారు, ఇప్పుడు మళ్లీ ప్లాట్లే. (ఆ గుత్తివంకాయ కూర కోసం నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.) ముగ్గురిదీ ఒకటే మాట: సీఎస్ఈ. తేడా అంతా సీఎస్ఈలో ఏదన్న దగ్గరే వచ్చింది. ఏఐ అని ఒకరు, డేటా సైన్స్ అని ఒకరు. పెరుగు వచ్చేసరికి కుర్రాడి పెదనాన్న సైబర్ సెక్యూరిటీ అని తేల్చేశారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బయట జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చీకట్లో ఫోన్ లైట్లు వెలిగాయి, మేకప్ కరుగుతోందని లోపల కేకలు. పది నిమిషాలకి జనరేటర్ గుర్రుమని అందుకుంది.

వెలుతురులో చూస్తే కుర్రాడి కుర్చీ ఖాళీ. కాసేపటికి లుంగీ కట్టుకున్న జనరేటర్ మనిషితో నవ్వుతూ మాట్లాడుకుంటూ వచ్చాడు. కొత్త షర్టు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్ల నిండా నల్లటి గ్రీజు.

‘డీజిల్ పైపులో గాలి పట్టింది పెదనాన్నా. స్క్రూ వదులు చేసి, గాలి పోయేదాకా పంపు కొడితే...’

‘సర్లేరా, ముందెళ్లి చెయ్యి కడుక్కో’ అన్నారు పెదనాన్న. ‘ఇక్కడ నీ ఫ్యూచర్ గురించి మాట్లాడుతున్నాం.’