‘పనిలో పని’ గారికి ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘పనిలో పని’ గారికి,

హనుమకొండ నుంచి మీ మాట జవదాటని ఒక ఇల్లాలు నమస్కరించి రాయునది. 2022 జూన్‌లో మా పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున, తొట్టెల పాట ఇంకా పూర్తికాకముందే, మా అత్తమ్మ నోట మీరు తొలిసారి పలికారు: “పనిల పని, ఇంకొకటి గూడ కానియ్యి బిడ్డా. ఆపరేషన్ చేయించుకుంటే నీ గోస పోతది.” అప్పటికి నా కుట్లు సలుపుతూనే ఉన్నాయి. పుట్టింది ఆడపిల్ల కాబట్టే మీరు అంత త్వరగా దయచేశారని, మగపిల్లవాడైతే కొన్నాళ్లు ఆగి వచ్చేవారని నా అనుమానం.

మీ పని సులువు చేసినవారు మరికొందరున్నారు. పాలిస్తున్నంత కాలం ఏమీ కాదని వాడకట్టంతా భరోసా ఇచ్చింది. ఆ మాటలో కొంత నిజం ఉండటమే చిక్కు: బిడ్డకు ఆరు నెలలు నిండనంతవరకు, నెలసరి తిరిగి రానంతవరకు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప మరేదీ పట్టనంతవరకే ఆ రక్షణ గట్టిగా నిలుస్తుంది. మా ఇంట్లో నాలుగో నెలకే డబ్బా పాలు వచ్చాయి. డిసెంబరులో నేను మళ్లీ నీళ్లోసుకున్నాను. తొమ్మిదో నెల నడుస్తున్న పాపకు పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకుంటే, అది ఒకసారి నోరు పెట్టి, మొహం చిట్లించి, నా వైపు చూసి, మళ్లీ నోరు పెట్టింది. ఆ చూపు గురించి మీకు వివరంగా రాయదలచుకోలేదు.

మార్గాలు లేవా అంటే ఉన్నాయి. కాన్పయిన 48 గంటల్లోపే వేయగల కాపర్-టీ ఉంది. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ సూది, ‘ఛాయ’ మాత్ర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఉన్నాయి. అయితే కాపర్-టీ గుండెదాకా పాకుతుందని మా తోటికోడలికి ఎవరో చెప్పారు. మా ఆయన వాడదగినవాటి ప్రస్తావన, మర్యాదస్తుల ఇల్లు కనుక, అసలు రానే లేదు.

ఇక మీ అసలు బలం వేరే చోట ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో వందకు దాదాపు 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్, ఆపరేషన్ అంటే ఆడవాళ్లది అని స్థిరపడిపోయిన చోట బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం అన్న మాటను ఎవరు తలుస్తారు? ఎటూ మూసేసే దుకాణమే కదా, సరుకు తొందరగా దించేస్తే సరిపోతుందన్నది మీ వ్యాపారసూత్రం. అదే సర్వేలో ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం కోతలని తేలింది. కోత సరిగా మానకముందే మళ్లీ గర్భం వస్తే పాత కుట్టు విడిపోయే ప్రమాదం పెరుగుతుందని, తల్లికి రక్తం తగ్గుతుందని, బిడ్డ నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టవచ్చని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. 2023 సెప్టెంబరులో నాకు రెండో కోత పడింది. పొట్ట ఎలాగూ తెరిచే ఉంది కాబట్టి పనిలో పనిగా ట్యూబులు కూడా కట్టేశారు. అక్కడ మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, మీ పేరు సార్థకమైంది.

ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఒక మేడారం జాతరకూ మరో జాతరకూ మధ్య ఉండే ఎడం అంతే. సమ్మక్క తల్లి అంతటిది గద్దెనెక్కడానికి రెండేళ్లు ఆగుతుంది, కోట్లమంది భక్తులు విసుక్కోకుండా ఎదురుచూస్తారు. నా ఒక్క ఒంటి దగ్గరికి వచ్చేసరికి మీకు ఓపిక చాల్లేదు. 2022 జాతరకు నేను అయిదో నెల కడుపుతో ఉన్నాను. 2024 జాతరకు చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకతి, పొట్ట మీద రెండు కోతలు. మొక్కు కోసం తక్కెడలో కూర్చుంటే నా ఎత్తు బంగారం (జాతరలో బెల్లాన్నే అలా అంటాం) క్రితంసారి కంటే ఎనిమిది కిలోలు తక్కువ తూగింది. బెల్లం ఖర్చు కలిసొచ్చిందని మా ఆయన సంతోషించారు.

వచ్చే గురువారం మా ఇంట్లో ఆడబిడ్డ కూతురి తొట్టెల. మీరు పిలవకపోయినా వస్తారు కనుక మీకు కుర్చీ వేయించి, పక్క కుర్చీ మా వాడ ఆశా కార్యకర్తకు కేటాయించాను. అయితే నిన్న అత్తమ్మ తన బిడ్డ తలకు నూనె రాస్తూ అంటుండగా విన్నాను: “రెండోదానికి తొందరేమున్నది బిడ్డా, ముందుగాల నీ పానం కుదుటపడనియ్యి.”

ఇట్లు,
మీ ఆజ్ఞాబద్ధురాలు,
ఇద్దరు పిల్లల తల్లి