అనలాగ్ పెట్టె కొన్నాక మొదలయ్యే అసలు పని

ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి, అక్కడి శబ్దాన్ని బయటికి పంపే పెట్టె), ఒక ల్యాప్‌టాప్, రెండు మంచి మైకులు ఉంటే చాలు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిన్న గదిలో జానపద పాట మొత్తం రికార్డు చేసి యూట్యూబ్‌కి ఎక్కించేయొచ్చు. చాలామంది చేస్తున్నదీ అదే. కాస్త డబ్బులు రావడం మొదలయ్యాక అందరి కళ్లూ అనలాగ్ వైపు, అంటే ల్యాప్‌టాప్ బయటి పరికరాల వైపు తిరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ను పెంచేది), బయటి కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణచేది), కుదిరితే సమ్మింగ్ బాక్స్ (ట్రాకులను ల్యాప్‌టాప్ బయట కలిపేది) కొనాలనుకుంటారు. మొదటి రెండూ కొనొచ్చు. మూడోదాని మీద పెట్టే డబ్బు చాలామటుకు దండగ. అయితే ఏది కొన్నా, సిగ్నల్ మట్టాలు (లెవెల్స్), కేబుళ్లు, టైమింగ్ సరిచూసుకోకపోతే ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌ కంటే అధ్వాన్నంగా వినిపిస్తుంది.

ముందు మట్టాల సంగతి. ప్రొఫెషనల్ అనలాగ్ పరికరాలు +4 డీబీయూ (అనలాగ్ మట్టాన్ని కొలిచే ప్రమాణం) చుట్టూ తయారవుతాయి. వోల్టుల్లో అది 1.23. డిజిటల్‌లో సున్నా డీబీఎఫ్‌ఎస్ (అక్కడ పట్టే గరిష్ఠ మట్టం) ఎన్ని వోల్టులన్నది మాత్రం ఇంటర్‌ఫేస్‌ను బట్టి మారిపోతుంది. యూరప్ ప్రసార సంస్థల లెక్కలో అది +18 డీబీయూ, అమెరికా లెక్కలో +24. చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లలో అంతకంటే తక్కువే ఉంటుంది. మీ దగ్గర ఎంతుందో తెలుసుకోవడానికి మల్టీమీటర్ సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో టోన్ జనరేటర్ పెట్టి 200 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను −18 డీబీఎఫ్‌ఎస్ దగ్గర లైన్ ఔట్‌కు పంపండి. కేబుల్ చివర ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2, 3 పిన్నుల మధ్య ఏసీ వోల్టేజీ చూడండి. (అందరూ 1000 హెర్ట్జ్ వాడమంటారు. చౌక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి, వాటిని నమ్మగలిగేది 400 లోపే.) 1.23 వోల్టులు చూపిస్తే మీ సున్నా డీబీఎఫ్‌ఎస్ విలువ +22 డీబీయూ. అదే 0.39 చూపిస్తే +12 మాత్రమే.

ఈ పది డీబీ తేడా చిన్నది కాదు. 1176 అనే పేరున్న కంప్రెసర్ మోడల్ తరహా వాటికి త్రెషోల్డ్ (ఏ మట్టం దాటితే అణచాలో చెప్పే) నాబ్ ఉండదు, ఇన్‌పుట్ నాబే ఆ పని చేస్తుంది. సిగ్నల్ పది డీబీ తక్కువగా వెళ్తే ఆ మేరకు ఇన్‌పుట్ పెంచాలి, దాంతో ముందు నుంచి వచ్చే హిస్ (సన్నటి బుస) కూడా పెరుగుతుంది. తిరుగు దారిలో ఇంకో ముప్పు ఉంది. కంప్రెసర్‌ నుంచి పీక్‌లు +16 దాకా వస్తున్నాయి, ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్ +12 దగ్గరే ఆగిపోతుంది అనుకోండి. కంప్రెసర్ మీద ఎర్ర లైటు వెలగదు, మీటరు ముల్లు మర్యాదగానే ఉంటుంది. కానీ ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే కన్వర్టర్ క్లిప్ అవుతుంది, అంటే పీక్‌లు తెగి శబ్దం చీలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ ఎంత దించినా లాభం లేదు, అది కన్వర్టర్ దాటాక వచ్చేది. కంప్రెసర్ ఔట్‌పుట్ నాబే దించాలి.

డబ్బు పెట్టాల్సింది మైకు నుంచి కన్వర్టర్ దాకా ఉన్న దారిలో. అక్కడ పడిన రంగు (పరికరం శబ్దానికి అద్దే గుణం) పాట చివరిదాకా ఉంటుంది, తిరిగి సెట్ చేసుకునే బాధా ఉండదు. టేపు రోజుల్లో హిస్ వినబడకుండా సిగ్నల్ గట్టిగా ఎక్కించేవారు. 24 బిట్‌లో ఆ అవసరం లేదు. సగటు −18, పీక్ −10 దాటకుండా రికార్డు చేస్తే చాలు. డప్పు తీసుకుంటే అందులో రెండు శబ్దాలుంటాయి: సిర్రా వేసే బరువైన దెబ్బ, చిటికెన పుల్ల విసిరే పదునైన చిటుకు. 1176 తరహా కంప్రెసర్‌లో అటాక్ (అణచడానికి పట్టే సమయం) 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది. అంటే అందులో ఎంత నెమ్మది సెట్టింగయినా మిల్లీసెకను లోపే. పైగా నాబ్ ఉల్టా, కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది. ఇది తెలియక కుడి చివరన పెట్టేవాళ్లు చిటికెన పుల్లను చంపేసి, 'అనలాగ్ మెత్తదనం' అని మురిసిపోతుంటారు. అటాక్ ఎడమవైపు, రిలీజ్ (అణచడం వదలడానికి పట్టే సమయం) కుడివైపు పెట్టి 2, 3 డీబీ తగ్గింపుతో ఎక్కించండి. అంతకంటే ఎక్కువైతే రికార్డయిన దాన్ని ఇక వెనక్కి తేలేరు.

మిక్సింగ్‌లో బయటి పెట్టెను ఇన్సర్ట్‌గా వాడితే, అంటే రికార్డయిన ట్రాక్‌ను దాని గుండా పంపి తిరిగి తెచ్చుకుంటే, లేటెన్సీ (ఆలస్యం) గొడవ వస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కలిపి 5.3 మిల్లీసెకన్లు. కన్వర్టర్లు, డ్రైవర్ కలిపేది అదనం. రీపర్, లాజిక్, క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లు పింగ్ (చిన్న పరీక్ష శబ్దం) పంపి ఈ ఆలస్యాన్ని కొలిచి సర్దుతాయి. ప్రో టూల్స్‌లో ఐఓ సెటప్‌లో మిల్లీసెకన్లు మనమే నింపాలి. డోలక్‌ను పచ్చిగా ఒకటి, కంప్రెస్ చేసి ఒకటి కలిపేటప్పుడు తేడా ఒక్క మిల్లీసెకను ఉన్నా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. వాయిద్యం డబ్బాలోంచి మోగినట్టుంటుంది. సరిచూసుకునే పద్ధతి తేలికే. కంప్రెషన్ సున్నాలో ఉంచి, రెండింటి మట్టం సమానం చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి కలపండి. పింగ్ కుదిరితే శబ్దం బాగా అణిగిపోవాలి. అడుగున బేస్ కాస్త మిగిలితే కంగారు పడొద్దు. అది ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన ఫేజ్ తేడా, ఎన్ని శాంపిళ్లు జరిపినా పోదు.

బఫర్ మార్చినా, యూఎస్‌బీ తీసి పెట్టినా పింగ్ మళ్లీ కొలవాలి. అన్నీ సరిగానే ఉన్నా గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టుంటే ఇంటర్‌ఫేస్ మిక్సర్‌లో ఆ రిటర్న్ ఛానెల్‌కు డైరెక్ట్ మానిటరింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఒకే శబ్దాన్ని రెండుసార్లు వింటున్నారన్నమాట.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం) దగ్గరకొస్తే, మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హమ్ 50, 100 హెర్ట్జ్‌లలో వినిపిస్తుంది. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, ర్యాక్ వేర్వేరు గోడ సాకెట్లలో ఉంటే ఎర్త్ లూప్ (ఎర్త్ తీగలు వలయంగా కలిసి హమ్ తేవడం) వచ్చే అవకాశం ఎక్కువ. అన్నీ ఒకే బోర్డు మీదకు తేవాలి. ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోగొట్టానని సంబరపడేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే, వాల్వ్ పరికరాల్లో 250 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. తీయాల్సింది బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో ఒక చివర షీల్డు మాత్రమే, అదీ లైన్ కేబుల్‌లోనే. మైకు కేబుల్‌లో తీస్తే ఫాంటమ్ పవర్ (అదే కేబుల్‌లో మైకుకు వెళ్లే కరెంటు) దారి తెగిపోతుంది. అమెరికా నుంచి తెప్పించిన పెట్టెకు వోల్టేజ్ స్విచ్ ఉంటే 230కి మార్చి, ఫ్యూజ్ కూడా తయారీదారు చెప్పిన విలువకు మార్చండి. సాధారణంగా అది సగానికి దిగుతుంది. స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. దాన్ని ప్రీఆంప్ పక్కన పెడితే దాని అయస్కాంత క్షేత్రమే హమ్ అవుతుంది.

క్యాసెట్ డెక్‌ల మోజు మళ్లీ వచ్చింది. ట్రాక్‌ను క్యాసెట్‌కెక్కించి తిరిగి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకునేటప్పుడు ఒక చిక్కుంది: రెండు వేర్వేరు యంత్రాల వేగం ఎప్పుడూ అచ్చంగా ఒకటి కాదు. వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా నాలుగు నిమిషాల పాట చివరికొచ్చేసరికి దాదాపు పావు సెకను జరిగిపోతుంది. తాళం ఉన్న ట్రాక్‌లకు పనికిరాదు. ప్యాడ్‌లకో (సాగే నేపథ్య స్వరాలకో) మొత్తం మిక్స్‌కో వాడుకోవచ్చు.

ఇక సమ్మింగ్ బాక్స్. సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు కలవడమంటే సంఖ్యల కూడిక, 32 లేదా 64 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతుంది. అందులో పాడయ్యేదేమీ లేదు. పాసివ్ (సొంతంగా మట్టం పెంచని) సమ్మింగ్ బాక్స్‌లో రంగు వచ్చేది కలపడం వల్ల కాదు, తగ్గిన మట్టాన్ని తిరిగి లేపే ప్రీఆంప్ వల్ల. ఆ ప్రీఆంప్ జత మీ దగ్గరుంటే, వాటి ముందు మట్టం తగ్గించే ప్యాడ్ పెట్టి పూర్తయిన స్టీరియో మిక్స్‌ను వాటి గుండా పంపండి. ఆ రంగులో అధికభాగం అక్కడే దొరుకుతుంది, పదహారు ఔట్‌పుట్ల కన్వర్టర్ కొనే పని తప్పుతుంది.

దాని బదులు ఒక మంచి స్టీరియో బస్ కంప్రెసర్ (మొత్తం మిక్స్ మీద పెట్టేది) మేలు. రేషియో 4:1, అటాక్ 30 మిల్లీసెకన్లు, 2 నుంచి 4 డీబీ తగ్గింపు. దీంతో వచ్చే చిక్కు పాట అయిపోయాక తెలుస్తుంది. నిర్మాత మైనస్ ట్రాక్ (గొంతు లేని పాట) అడుగుతాడు, రీల్‌కు ముక్క అడుగుతాడు, వారం తర్వాత రచయిత చరణంలో ఒక పాదం మారుస్తాడు. అప్పటికి నాబులన్నీ ఇంకో పాటకు తిరిగిపోయి ఉంటాయి. అందుకే ప్రతి ట్రాక్‌నూ ఆ రోజే ప్రింట్ చేసి (పెట్టె గుండా వచ్చినదాన్ని ఫైలుగా రికార్డు చేసి), నాబుల ఫొటో తీసి సెషన్ ఫోల్డర్‌లో వేయాలి. స్టెమ్స్‌ను (డప్పు, గొంతు లాంటి గుంపుల విడి ఫైళ్లను) విడివిడిగా అదే కంప్రెసర్ గుండా పంపి తర్వాత కలిపితే అసలు మిక్స్ రాదు. డప్పు లేని స్టెమ్ వెళ్లేటప్పుడు కంప్రెసర్‌కు అణచడానికి డప్పే ఉండదు మరి. కంప్రెసర్‌కు బయటి సైడ్‌చైన్ ఇన్‌పుట్ (దేన్ని విని అణచాలో చెప్పేది) ఉంటే, ప్రతి స్టెమ్ ప్రింట్ చేసేటప్పుడూ పూర్తి మిక్స్‌ను ఆ ఇన్‌పుట్‌కు పంపాలి. లేకపోతే స్టెమ్స్ కంప్రెసర్ లేకుండా ప్రింట్ చేసుకుని, పాదం మారినప్పుడు ఫొటో చూసి నాబులు సెట్ చేసి మొత్తం మిక్స్‌ను మళ్లీ దాని గుండా నడపాలి.