పైపులో పగులుంది, కేబిన్‌లో అలారం లేదు

చిన్న విమానం కూలితే చాలు, శకలాలైనా దొరక్కముందే ‘పైలట్ తప్పిదం’ అనేస్తారు. ఆ మాట దగ్గరే ఆగిపోయేవాళ్లకి ఎమిలియానో సాలా ప్రయాణం గుర్తుచేయాలనిపిస్తుంది.

2019 జనవరి 21 రాత్రి ఆ ఫుట్‌బాల్ ఆటగాడు కొత్త క్లబ్బులో చేరడానికి ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి బ్రిటన్‌లోని కార్డిఫ్‌కి ఒంటి ఇంజిన్ పైపర్ మాలిబూలో బయల్దేరాడు. గెర్న్‌సీ దీవి దాటాక విమానం ఇంగ్లిష్ ఛానల్‌లో కూలింది. అతని వయసు 28. పైలట్‌కి రాత్రిపూట నడిపే అర్హత లేదు, డబ్బు తీసుకుని మనుషుల్ని చేరవేసే లైసెన్సూ లేదు. అది ముమ్మాటికీ తప్పే, నేను వెనకేసుకురావడం లేదు. కానీ సాలా రక్తాన్ని పరీక్షిస్తే హీమోగ్లోబిన్‌లో 58 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టేసి ఉంది. ఆ పైలట్ పీల్చిందీ అదే కేబిన్‌లోని గాలి.

చాలా చిన్న విమానాల్లో హీటర్‌కి వేడి ఇంజిన్ ఎగ్జాస్ట్ నుంచే, అంటే పొగ బయటికి పోయే పైపు నుంచే వస్తుంది. పైపు చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. బయటి గాలి అందులో తిరిగి, వేడెక్కి లోపలికి వస్తుంది. పైపు పగిలితే ఆ విషవాయువు కూడా ఆ గాలితోనే వచ్చేస్తుంది. రంగుండదు, వాసనుండదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని అంటిపెట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మగత, ఆపైన అయోమయం. ప్రమాదాన్ని పసిగట్టాల్సిన మెదడే మొద్దుబారిపోతుంటే ఆ మనిషి ఏం జాగ్రత్తపడగలడు?

సాలాకి ముందే ఇంకొకటి జరిగింది. 2017 డిసెంబర్ 31న సిడ్నీకి ఉత్తరాన ఒక బీవర్ సీప్లేన్ నీళ్లలో కూలి, అనుభవమున్న పైలట్‌తో సహా ఆరుగురు చనిపోయారు. రెండేళ్లు దాటాక, దాచి ఉంచిన రక్త నమూనాలను పరీక్షిస్తే గానీ కార్బన్ మోనాక్సైడ్ సంగతి బయటపడలేదు. ఎగ్జాస్ట్‌లో పగులు ఉంది. ఇంజిన్‌కీ కేబిన్‌కీ మధ్య అడ్డుగోడ మీది మూతలకి కొన్ని బోల్టులే లేవు. ఆ విమానంలో గ్యాస్ తగిలితే రంగు మారే బిళ్ల ఉంది, నిజమే. కానీ దాన్ని ఎవరో ఒకరు చూడాలి కదా! చూపంతా బయటే పెట్టి నడిపే పైలట్ ఆ బిళ్ల వైపు ఎప్పుడు చూస్తాడు?

నా కోపమంతా ఇక్కడే. ఈ గ్యాస్‌ని పసిగట్టి గట్టిగా మోగే అలారం జేబులో పట్టేంత చిన్న వస్తువు. మెకానిక్ అంతా తనిఖీ చేసి సంతకం పెట్టిన మర్నాడే పైపు పగలొచ్చు. అప్పుడు పైలట్‌ని హెచ్చరించేది ఆ అలారం ఒక్కటే. బ్రిటన్ దాన్ని 2025లో తప్పనిసరి చేసింది, సాలా పోయిన ఆరేళ్లకు. అది కూడా ప్రయాణికులు ఉన్నప్పుడే. ఒంటరిగా ఎగిరే పైలట్ ప్రాణం మాత్రం ప్రాణం కాదా?

ఎప్పుడైనా చిన్న విమానం ఎక్కాల్సొస్తే మొహమాటపడకుండా అడగండి: “అలారం ఎక్కడుంది? పనిచేస్తోందా?” పైలట్ నొచ్చుకున్నా ఫర్వాలేదు. అలారం లేదని చెబితే దిగిపోండి.