బీరువాలో జాజ్

(హాల్లో ఒక గోడ మొత్తం గ్రామఫోన్ రికార్డులే. మిగతా గోడలకీ ఆ ముప్పు తప్పేలా లేదు. కామేశ్వరి టర్న్‌టేబుల్ ముందు కూర్చుని చిన్న బ్రష్‌తో సూది తుడుస్తోంది. మూర్తి ఆడిటరుగా పనిచేసి రిటైరైన మనిషి. దొంగ ఓచరు దొరికినప్పటి ముఖంతో, చేతిలో ఒక సంచితో పడకగదిలోంచి వస్తాడు.)

మూర్తి: ఏమోయ్, దుప్పటి కోసం బీరువా తెరిచాను.

కామేశ్వరి: దుప్పట్లు మంచం కింద పెట్టెలో ఉన్నాయండీ.

మూర్తి: మరి బీరువాలో ఉన్నవేంటి?

కామేశ్వరి: అవి నిలబడి ఉన్నాయా, పడుకుని ఉన్నాయా?

మూర్తి: నేనడిగేదేంటి, నువ్వు...

కామేశ్వరి: ముందు అది చెప్పండి. ఒకదాని మీద ఒకటి పడేస్తే వంగిపోతాయి. నిటారుగా ఉండాలి.

మూర్తి: నిటారుగానే ఉన్నాయి. నా చొక్కాలే పడుకున్నాయి. ఇక కొననని నాకు మాటిచ్చావు, గుర్తుందా?

కామేశ్వరి: చోటు లేదు కాబట్టి కొనను అన్నాను. మీ చొక్కాలు సర్దితే చోటు దొరికింది.

మూర్తి: వంద రికార్డులు అట్టలతో కలిపి ఇరవై కిలోలకి తక్కువుండవు. ఆ గోడకి ఎన్ని వందలున్నాయో లెక్కేశావా? కింద వాటావాళ్లు తలెత్తి పైకి చూసినప్పుడల్లా నాకు టెన్షన్. (సంచిలోంచి ఒకటి బయటికి తీసి) ఇదిగో, మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ. ఇది మన దగ్గర లేదూ?

కామేశ్వరి: ఉంది.

మూర్తి: ఉండటం కాదు, రెండున్నాయి. పుస్తకంలో నేనే ఎక్కించాను.

కామేశ్వరి: ఒకటి మోనో, ఒకటి స్టీరియో. ఇది వేగం సరిచేసింది.

మూర్తి: దేని వేగం?

కామేశ్వరి: 1959 మార్చి 2న మొదటి వైపు పాటలు రికార్డు చేసేటప్పుడు టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని మామూలు వేగంలో వినిపిస్తే శ్రుతి ఒక పిసరు పెరుగుతుంది. ఆ పెరిగిన శ్రుతితోనే రికార్డులు అచ్చయ్యాయి. అదృష్టం కొద్దీ అక్కడే ఇంకో మెషీను మీద కూడా టేపు తిరిగింది. అందులో వేగం సరిగ్గా ఉంది. 1992లో దాన్నించి సరిచేశారు.

మూర్తి: అంటే 33 ఏళ్లు తప్పు లెక్క అలాగే పుస్తకాల్లో ఉండిపోయింది. ఆడిటరు లేడా వాళ్లకి?

కామేశ్వరి: మైల్స్ డేవిస్ ట్రంపెట్ వింటూ ఎవరైనా లెక్కలు చూస్తారా?

మూర్తి: అదే నేనూ అంటున్నాను. అంతమందీ పెరిగిన శ్రుతితోనే విని బ్రహ్మాండం అన్నారు. మరి సరిచేసింది మనకెందుకు?

కామేశ్వరి: పెళ్లయిన దగ్గర్నుంచీ మీరు మాట్లాడేది హెచ్చు శ్రుతిలోనే. బాగానే ఉందని సర్దుకుపోతున్నాను. అలాగని సరిచేసిన ఎడిషన్ వస్తే కొనుక్కోనా?

(మూర్తికి వెంటనే జవాబు తట్టదు. ఆ సందు చూసుకుని ఆవిడ సంచిలోంచి ఇంకో రికార్డు లాగి టర్న్‌టేబుల్ మీద పెడుతుంది. పియానో మొదలవుతుంది. కాసేపటికి మూర్తి చెవులు రిక్కించి, గబగబా వంటింట్లోకి వెళ్లి, అంతే గబగబా తిరిగొస్తాడు.)

మూర్తి: వంటింట్లో ఎవరూ లేరే! గ్లాసులు కదిలిన చప్పుడైంది.

కామేశ్వరి: అది రికార్డులోది. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని క్లబ్బు. 1961 జూన్ 25న బిల్ ఎవాన్స్ అక్కడ వాయిస్తుంటే రికార్డు చేశారు. జనం తాగుతున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు.

మూర్తి: డబ్బు పోసి ఎవరి గ్లాసుల చప్పుడో వింటున్నామా? మన వంటింట్లో అయితే ఊరికే వస్తుంది.

కామేశ్వరి: ఆ బేస్ వినండి. స్కాట్ లఫారో. వెనక నిలబడి తాళం వేసి ఊరుకోకుండా పియానోతో ఎలా మాటకి మాట చెబుతున్నాడో చూడండి. పాతికేళ్లవాడు. ఇది వాయించిన పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయాడు.

మూర్తి: అయ్యో. (కాస్త ఆగి) మరి ఆ రాత్రి కబుర్లు చెప్పుకున్నవాళ్లకి ఆ సంగతి తెలిశాక ఎలా ఉండుంటుంది?

కామేశ్వరి: అందుకే, రికార్డు తిరుగుతున్నప్పుడు మాట్లాడొద్దనేది.

మూర్తి: దాన్ని తీసుకొచ్చి నా మీదే పెట్టావూ? సరే, దీని మీద దుమ్ముంది, తుడవనీ.

కామేశ్వరి: ఆ గుడ్డ కింద పెట్టండి! ముందు కింద పెట్టండి. మీ శుభ్రత ఇప్పటికే ఒకసారి చూశాను.

మూర్తి: ఇంకా అదేనా?

కామేశ్వరి: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ రికార్డు. 78 వేగంది. దాని మీద స్పిరిట్ పోసి తోమారు.

మూర్తి: మిగతావాటికి నువ్వూ అలాంటిదేదో వాడతావుగా, నీళ్లలో కలిపి?

కామేశ్వరి: అవి వినైల్. పాత 78లు షెల్లాక్, అంటే లక్క. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. వడ్రంగివాళ్లు పాలిష్ చేసుకునేది ఆ కరిగిన లక్కతోనే. లక్క ఇంటికి నిప్పు పెట్టాలని చూసిన పురోచనుడు కూడా మీ అంత శ్రద్ధగా పనిచేసి ఉండడు.

మూర్తి: పాండవులు బతికి బయటపడ్డారు కదా!

కామేశ్వరి: ఆర్మ్‌స్ట్రాంగ్ పడలేదు.

(ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. పియానో మాట్లాడుతూనే ఉంటుంది.)

మూర్తి: అసలు ఈ జాజ్‌లో నాకు నచ్చిన మనిషి ఒక్కడే. ఆ టేక్ ఫైవ్ రాసినాయన.

కామేశ్వరి: పాల్ డెస్మండ్. ఆ పాట మీకు నచ్చిందా? ఎప్పుడు పెట్టినా నాలుగు వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుని విసుక్కుంటారుగా.

మూర్తి: ఎన్నిసార్లు లెక్కేసినా ఒకటి మిగిలిపోతుంటే విసుక్కోనా?

కామేశ్వరి: అది ఐదండీ. ఖండ చాపు తాళం అనుకుని వేయండి, సరిపోతుంది.

మూర్తి: పాట సంగతి వదిలేయ్. ఆయన 1977లో పోయేటప్పుడు ఆ పాట మీద వచ్చే రాయల్టీ రెడ్‌క్రాస్‌కి రాసేశాడన్నావు చూడు, అది నచ్చింది. పద్ధతైన మనిషి. కాగితాలు సరిగ్గా పెట్టుకున్నాడు. నువ్వు ఈ గోడని ఎవరికి రాస్తావు?

కామేశ్వరి: మీకే.

మూర్తి: నేనేం పాపం చేశాను?

కామేశ్వరి: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్.

మూర్తి: సరే, సరే. కానీ నా మాట కూడా విను. హాలంటే నలుగురు వచ్చి కూర్చునే చోటు. ఇక్కడ కుర్చీ జరపాలన్నా నీ అనుమతి కావాలి. స్పీకర్లు, నీ కుర్చీ సమంగా త్రికోణంలో ఉండాలట. నా కుర్చీ ఏ కోణంలోనూ లేదు.

కామేశ్వరి: గొప్ప జాజ్ రికార్డులు పుట్టిందే హాల్లో. రూడీ వాన్ గెల్డర్ అని ఒకాయన, పగలు కళ్లు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చేవాడు. సాయంత్రాలు న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో వాళ్ల అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డింగులు. మాంక్, మైల్స్, కోల్‌ట్రేన్, అందరూ ఆ హాల్లోకొచ్చి వాయించినవాళ్లే.

మూర్తి: వాళ్లమ్మ ఏమీ అనలేదా?

కామేశ్వరి: అనకపోగా, ఇల్లు కట్టేటప్పుడే హాలు పక్కన కంట్రోల్ రూమ్ వచ్చేలా, మధ్యలో అద్దం ఉండేలా కట్టించారు. మీరు ఈ ఇల్లు కట్టించినప్పుడు నాకు ఒక అల్మరాకి కూడా చోటు వదల్లేదు.

మూర్తి: ఎన్నాళ్లు సాగింది ఆ హాల్లో?

కామేశ్వరి: 1959 దాకా. తర్వాత దగ్గర్లోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు.

మూర్తి: అదీ! చివరికి అమ్మగారి హాలు ఖాళీ చేశాడన్నమాట. ఆ ముక్క నువ్వు చివర్న చెబుతావు. (సంచిలోంచి ఇంకొకటి తీసి) ది బ్రిడ్జ్. సోనీ రోలిన్స్. ఈయన కథేంటి? చెప్పు, ఇందులోనూ నాకు పనికొచ్చేదేదో ఉంటుంది.

కామేశ్వరి: ఈయన కథ మీకు చెప్పను.

మూర్తి: అయితే కచ్చితంగా ఉంది. అట్ట వెనక చదువుతానుండు.

కామేశ్వరి: (తప్పదన్నట్టు) మంచి పేరున్న రోజుల్లో, 1959లో, కచేరీలు మానేశాడు. తన వాయిద్యం తనకే చాలలేదు. ఇంట్లో సాధన చేద్దామంటే పక్కింట్లో కడుపుతో ఉన్న ఆవిడ. ఆవిడకి ఇబ్బందని శాక్సొఫోన్ పట్టుకుని విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జ్ మీదికి వెళ్లేవాడు. ఎండా వానా చలీ చూడలేదు, గంటలు గంటలు అక్కడే. తిరిగొచ్చాక 1962లో వచ్చిందీ రికార్డు.

మూర్తి: చూశావా! అంతటివాడు పక్కింటివాళ్ల కోసం వంతెనెక్కాడు. నువ్వు వాల్యూమ్ ఒక్క గీత తగ్గించవు.

కామేశ్వరి: పక్కింటివాళ్లు ఏమీ అనలేదు. అనేది మీరొక్కరే. వంతెన మీదికి మీరే వెళ్లొచ్చు.

(ఇలాంటి వాదనలో ఆడిటర్లు గెలిచిన దాఖలా లేదు. మూర్తి సంచి అడుగున చెయ్యి పెడతాడు. కామేశ్వరి ఒక్క ఉదుటున లేచి ఆ చివరి రికార్డు ఆయన చేతిలోంచి రెండు చేతులతో అందుకుంటుంది.)

కామేశ్వరి: ఇది మాత్రం మీరు ముట్టుకోవద్దు. బ్లూ ట్రైన్. 1957 సెప్టెంబర్ 15న ఇందాక చెప్పిన హాల్లోనే రికార్డు చేశారు. బ్లూ నోట్ కంపెనీకి కోల్‌ట్రేన్ తన పేరు మీద చేసిన ఆల్బం ఇదొక్కటే. ట్రంపెట్ వాయించిన లీ మోర్గన్‌కి అప్పటికి పంతొమ్మిదేళ్లు. అట్ట చూడండి, అంచులు అరిగాయి గానీ రంగు పోలేదు. నాకు అమ్మిన పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్ల మధ్య పెట్టేశాడు.

మూర్తి: పాతదని ఎలా తెలుసు? మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారన్నావుగా.

కామేశ్వరి: లేబుల్ మీద కంపెనీ అడ్రసుంటుంది. 1957లో వాళ్లు ఆఫీసు మార్చారు. అంతకుముందు లెక్సింగ్టన్ అవెన్యూ, తర్వాత 47 వెస్ట్ 63. అడ్రసును బట్టి వయసు తెలుస్తుంది. ఆ తర్వాత, పాట అయిపోయాక లేబుల్‌కి ముందు ఖాళీగా మిగిలే చోటు చూడాలి. అక్కడ వాన్ గెల్డర్ పొడి అక్షరాలు ఆర్‌వీజీ అని ఉంటాయి. పక్కనే చిన్న చెవి ఉంటుంది.

మూర్తి: గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ...

కామేశ్వరి: ప్లాస్టిలైట్ అని, బ్లూ నోట్‌కి రికార్డులు అచ్చు వేసిన ఫ్యాక్టరీ. దాని పి అక్షరం గీసిన తీరు చెవిలా కనిపిస్తుంది. 1966 తర్వాత అచ్చయినవాటికి చెవి ఉండదు.

మూర్తి: (మొదటిసారిగా ఉత్సాహంగా) అంటే వోచరు మీద ముద్రన్నమాట! ముందే చెప్పొద్దూ? భూతద్దం తెస్తానుండు. (తెచ్చి, దీపం దగ్గరికి జరిగి) ఊ, తియ్యి.

(కామేశ్వరి అట్టలోంచి రికార్డును అంచుల మీద పట్టుకుని బయటికి తీస్తుంది. మూర్తి చాలాసేపు పరీక్షిస్తాడు.)

మూర్తి: చెవి లేదు.

కామేశ్వరి: సరిగ్గా చూడండి.

మూర్తి: ముక్కూ లేదు. ఆర్‌వీజీ లేదు. అడ్రసూ లేదు. కామేశ్వరీ, కోల్‌ట్రేన్ బరువు తగ్గడానికి ఏమైనా వ్యాయామాలు నేర్పేవాడా?

కామేశ్వరి: అదేం ప్రశ్న?

మూర్తి: లేబుల్ మీద అలాగే ఉంది. మొదటి వైపు నడుము, రెండో వైపు తొడలు.

(కామేశ్వరి లాక్కుని చదువుతుంది. కుర్చీలో కూలబడుతుంది.)

మూర్తి: కొనేముందు లోపల చూడలేదా? ఇన్ని గుర్తులు తెలిసినదానివి!

కామేశ్వరి: ఎలా చూస్తానండీ? ఆ పెద్దాయన పక్కనే నిలబడ్డాడు. బయటికి తీసి దీపం కింద పెట్టి చూస్తే ఇదేదో విలువైనదని ఆయనకి తెలిసిపోదూ? అందుకే అట్ట బాగుందండీ, గోడకి తగిలించుకుంటాను అన్నాను.

మూర్తి: నువ్వు అట్ట అడిగావు, ఆయన అట్టే ఇచ్చాడు. ఆయన లెక్కలో తప్పేముంది?

కామేశ్వరి: వెక్కిరించకండి. నాకిప్పుడు ఏడుపొస్తోంది.

మూర్తి: (గదిలో అటూ ఇటూ తిరుగుతూ, తనలో తాను) డెబిట్ ఉంది. క్రెడిట్ ఎక్కడో ఉండాలి. (గట్టిగా) ఏమోయ్, అక్కడ వ్యాయామాల అట్టేదైనా కనిపించిందా?

కామేశ్వరి: ఊరికే తీసుకెళ్లండని ఒక డబ్బా పెట్టారు. అందులో ఒకావిడ కాలు పైకెత్తిన బొమ్మతో ఏదో ఉంది. నవ్వుకుని పక్కకి నెట్టేశాను. (ఒక్కసారిగా లేచి నిలబడి) ఏవండీ!

మూర్తి: ఈ రికార్డు ఆ అట్టలోది. మరి ఆ అట్టలో ఏముంటుంది? ఏ సరుకూ గాల్లో మాయమవదు. ఎక్కడో ఒకచోట ఎక్కించి తీరాలి.

కామేశ్వరి: ఇంకెవరైనా పట్టుకుపోయుంటే?

మూర్తి: వ్యాయామాల రికార్డు ఎవరికి కావాలి?

కామేశ్వరి: పదండి, పదండి. కానీ ఊరికే తెచ్చుకోవడం న్యాయమేనా?

మూర్తి: నువ్వు డబ్బు కట్టింది కోల్‌ట్రేన్‌కి. అప్పచెప్పాల్సింది వాళ్లే. ఈ రికార్డు వాళ్లకి తిరిగిచ్చేద్దాం, లెక్క సరిపోతుంది. కానీ నువ్వు కార్లోంచి దిగొద్దు. నీ ముఖంలో అంతా కనిపించిపోతుంది. నేను వెళ్లి అడుగుతాను.

కామేశ్వరి: అవును, అదే మంచిది. వ్యాయామాల రికార్డు కావాలని మీరడిగితే ఎవరికీ అనుమానం రాదు.

మూర్తి: ఎందుకు రాదు?

కామేశ్వరి: తాళాలు ఆ బల్ల మీదున్నాయి. కాస్త చొక్కా బయటికి తీసుకోండి, టక్ చేస్తే సరిగ్గా కనిపించట్లేదు.

మూర్తి: ఏది కనిపించట్లేదు? కామేశ్వరీ, ఏది?