ధ్రువాల ఓజోన్ లెక్కల్లో ఎలక్ట్రాన్ల వాటా

ఓజోన్ తరుగుదల అనగానే మనకు గుర్తొచ్చేవి అంటార్కిటికా మీది రంధ్రం, దానికి కారణమైన క్లోరిన్ వాయువులు. 2004 వసంతంలో ఆర్కిటిక్ మీద కనిపించిన తరుగుదల అలాంటిది కాదు. నేలకు సుమారు 40 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ కొన్నిచోట్ల 60 శాతానికి పైగా పడిపోయింది, నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు కంటే నాలుగు రెట్ల దాకా పెరిగాయి. 2003 అక్టోబరు చివర మొదలైన భారీ సౌర తుపానులూ, ఆ శీతాకాలమంతా పైనుంచి రాలిన ఆవేశ కణాలూ, వాటి ఫలితాన్ని కిందికి దించిన గాలులూ కలిసి చేసిన పని అది. ఆ కణాలలో ఎలక్ట్రాన్ల వాటాను మనం చాలాకాలం సరిగా లెక్కపెట్టలేదు, నేటికీ సరిగా కొలవడం లేదు.

ఈ ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం సూర్యుడి నుంచి సూటిగా వచ్చిపడేవి కావు. 1958లో అమెరికా ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 మోసుకెళ్లిన పరికరంతో జేమ్స్ వాన్ అలెన్ గుర్తించిన వలయాలలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో, అవి బందీలుగా ఉంటాయి. బలరేఖల చుట్టూ తిరుగుతూ, ఒక ధ్రువం వైపు నుంచి రెండో ధ్రువం వైపు సెకను కంటే తక్కువ వ్యవధిలో పోయి వెనక్కి మళ్లుతుంటాయి. సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ప్రవాహం, అంటే సౌర పవనం, ఉద్ధృతమైనప్పుడు అక్కడ 'కోరస్' అనే రేడియో తరంగాలు పుడతాయి. వాటిని స్పీకర్‌లో వింటే తెల్లవారుజామున చెట్టు మీద పిట్టలు కిలకిలలాడినట్టే ఉంటుంది. ఆ తరంగాలు ఎలక్ట్రాన్ల దారిని కొద్దిగా పక్కకు నెట్టేసరికి, వెనక్కి మళ్లవలసినవి కాస్తా గాలిలోకి దిగిపోతాయి. తక్కువ శక్తి గలవి 100 కిలోమీటర్ల పైనే ఆగి ధ్రువకాంతులను వెలిగిస్తాయి. 30 కిలో (30 వేల) ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటినవి 90 కిలోమీటర్ల దిగువకు, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గలవి 60 కిలోమీటర్ల దాకా చొచ్చుకొస్తాయి. ఉత్తర నార్వేలో తెల్లవారే ముందు ఆకాశం నిండా మసక వెలుగు మచ్చలు కొన్ని సెకన్లకొకసారి వెలిగి ఆరుతుంటాయి. చూసేవాళ్లకు అది ఒక అందం, అయితే ఆ మచ్చల కిందే గాలి రసాయనం మారిపోతుంటుంది.

ఆ మార్పు రెండు రకాలు. మొదటిది వెంటనే జరిగేది: నీటి ఆవిరి నుంచి హైడ్రాక్సిల్ వంటివి పుట్టి, 70-80 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్‌ను కొన్ని గంటల్లో తినేస్తాయి. ఒక్కో సంఘటనలో ఈ తరుగు 90 శాతం దాకా ఉండవచ్చని 2014లో ఉపగ్రహ కొలతల ఆధారంగా తేల్చారు. అది త్వరలోనే పూడుకుంటుంది. రెండోది నిదానమైనది, నా దృష్టిలో మరింత ముఖ్యమైనది. ఎలక్ట్రాన్లు తాకి చీలిన నత్రజని నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. ఎండ ఉంటే అది విచ్ఛిన్నమైపోయేదే, కానీ నెలల తరబడి సూర్యుడు పొడవని ధ్రువ రాత్రిలో అది నిలుస్తుంది, ధ్రువ సుడిగాలి (శీతాకాలంలో ధ్రువం చుట్టూ తిరిగే గాలుల వలయం) దాన్ని చెదరనివ్వకుండా పట్టుకుని మెల్లగా ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణంలోకి దించుతుంది. చీకట్లో పోగుపడిన ఆ సరుకు వెలుగు తిరిగి వచ్చాక పని మొదలుపెడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తాము ఖర్చు కాకుండానే ఓజోన్‌ను హరిస్తాయని 1970లో పాల్ క్రుట్జెన్ వివరించారు, 1995లో రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

సూర్యుడు ఎంత ఉగ్రంగా ఉంటే నష్టం అంత, అనుకుంటే పొరపాటు. 2005-06 శీతాకాలంలో సూర్యుడు శాంతంగానే ఉన్నాడు, అయినా సుడిగాలి బలం వల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు భారీగా దిగివచ్చాయి. అందుచేత సూర్యుడి మచ్చలు మాత్రమే లెక్కించి ఈ విషయం తేల్చలేం.

ఇక కొలతల సంగతి. ఎక్కువగా ఆధారపడుతున్నది అమెరికా, యూరప్ వాతావరణ ఉపగ్రహాల మీది పాత డిటెక్టర్లపైన. వాటిలో ఒకటి రాలిపోతున్న ఎలక్ట్రాన్లలో కొంత భాగాన్నే చూస్తుంది, రెండోది ప్రధానంగా బందీగా ఉన్నవాటిని చూస్తుంది, పైగా ప్రోటాన్లు చొరబడి లెక్క చెడగొడతాయి. ఒకే తుపానుకు వేర్వేరు బృందాల అంచనాలు అనేక రెట్లు తేడాగా రావడం ఇందుకే. వాతావరణ మార్పును లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల తాజా తరంలో, 2017లో సిద్ధమైన సౌర సమాచారంతో, 90 కిలోమీటర్ల దిగువకు చొచ్చుకొచ్చే ఈ మధ్యస్థ శక్తి ఎలక్ట్రాన్లకు చోటు దొరకడం సంతోషించదగ్గ విషయమే, కానీ లోపలికి ఇచ్చిన అంకెలే తక్కువైతే బయటికొచ్చే ఫలితం కూడా తక్కువే అవుతుంది. భూతాపానికి అసలు కారణం ఇదేనని చెప్పేవాళ్ల మాట నమ్మనక్కరలేదు. దీని ప్రభావం ధ్రువ శీతాకాలపు గాలుల మీద, ఆ ప్రాంతాల చలి తీరు మీద ఉంటుంది. దశాబ్దాలుగా ఎగబాకుతున్న భూగోళ ఉష్ణోగ్రతకు ప్రధాన బాధ్యత కార్బన్ డయాక్సైడ్‌దే.

రసాయనాన్ని చూసే కళ్లు కూడా తగ్గిపోతున్నాయి. యూరప్ ఉపగ్రహం ఎన్విశాట్, ధ్రువ రాత్రిలో గాలి అంచుల మీదుగా అస్తమించే నక్షత్రాల వెలుగును పట్టి, చీకట్లోని ఓజోన్‌నూ నైట్రోజన్ డయాక్సైడ్‌నూ లెక్కగట్టేది. 2012 ఏప్రిల్‌లో అది మూగబోయింది. 5 నుంచి 115 కిలోమీటర్ల దాకా చూడగల కెయిర్ట్ అనే ఉపగ్రహ ప్రతిపాదన యూరప్ అంతరిక్ష సంస్థ తుదిపోటీ వరకూ వచ్చినా, 2025లో ఆ సంస్థ సలహా సంఘం మేఘాలలోని గాలులను కొలిచే వైవర్న్ అనే మరో ప్రతిపాదన వైపు మొగ్గింది. అదీ అవసరమైనదే, కానీ ఈ లోటు అలాగే ఉండిపోయింది.

ఈ విషయంలో మన దేశం చేయగలిగింది ఉంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సౌర పవనాన్ని కొలుస్తోంది. అంటే వచ్చేదేమిటో మనకు తెలుస్తోంది, చివరికి గాలిలోకి రాలిపడేది ఎంతో తెలియాలి. అదే శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యలోకి వెళ్లే మన భూపరిశీలన ఉపగ్రహాలు రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టి, ప్రతి చుట్టులోనూ ధ్రువకాంతి మండలాలను దాటుతాయి. రాలే ఎలక్ట్రాన్లవైపే గురిపెట్టిన చిన్న డిటెక్టరును వాటిలో కొన్నింటికి అమర్చడం, అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాల నేల కొలతలతో దాన్ని సరిచూసుకోవడం మనకు అసాధ్యమైన పని కాదు. సూర్యుడు తన పదకొండేళ్ల చక్రంలో 2024లో ఉచ్చదశకు చేరాడు. వేగవంతమైన సౌర పవనాలు పదేపదే తగిలి ఎలక్ట్రాన్లను ఎక్కువగా రాల్చేది సాధారణంగా ఆ తర్వాతి కొన్నేళ్లలోనే, 2003 కూడా అలాంటి ఏడాదే.