చిక్కటి పెట్రోలు

మా మావయ్య బండికి పెట్రోలు కొట్టించేది తెల్లవారుజామునే. అదీ వీధి చివర బంకులో కాదు. అది ఆరింటికి గానీ తెరవరు, ఆపాటికి సూర్యుడు పెట్రోలును పల్చన చేసేస్తాడని ఆయన భయం. అందుకని 6 కిలోమీటర్లు వెళ్ళి ఊరి బయట బంకులో పోయించుకొస్తాడు. "చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుందిరా. గేదెపాలకీ ప్యాకెట్ పాలకీ ఉన్నంత తేడా!" అంటాడు.

సిద్ధాంతం ఉత్తిదేం కాదు. వేడెక్కితే పెట్రోలు డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది. బరువు పెరగదు గనక లీటరులో పట్టే సరుకు ఆ మేరకు తగ్గుతుంది. కాకపోతే బంకువాడు పెట్రోలును డాబా మీద సింటెక్స్ ట్యాంకులో ఉంచడు, నేల కింద పాతిపెడతాడు. పైన ఎండ మండిపోతున్నా అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదు. పోనీ 2 డిగ్రీలు ఉందనుకున్నా, 10 లీటర్ల మీద మిగిలేది 20 మిల్లీలీటర్లు, నాలుగు చెంచాలు. లీటరుకి 60 కిలోమీటర్లిచ్చే ఆయన బండి వెళ్ళిరావడానికి తాగేది 200. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, "తెల్లారగట్ల చల్లగాలి పీల్చుకున్నది లెక్కలో వెయ్యలేదేం?" అన్నాడు.

మొన్న రోహిణి కార్తెలో విజయవాడలో మా బంధువుల పెళ్ళి, పగటి ముహూర్తం. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు చెప్పి ఉంచారు గానీ, పెట్రోలు ట్యాంకుల సంగతి చెప్పే అవకాశం వాళ్ళకి లేకపోయింది. ఆ రోజు కూడా మావయ్య చీకటితోనే బంకుకి నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. బోర్డు మీద సాంద్రత 748 అని చూసి మురిసిపోయాడు. అది పెట్రోలు 15 డిగ్రీల దగ్గర ఉంటే ఎంతో లెక్కగట్టి రాసే అంకె, మిట్టమధ్యాహ్నం వచ్చి చూసినా అదే ఉంటుందని చెప్పబోయి, పెళ్ళిరోజు ఎందుకులే అని ఊరుకున్నాను.

"మెడ దాకా వచ్చింది సార్, చాలు" అన్నాడు బంకు కుర్రాడు. మావయ్య బండిని అటూ ఇటూ ఊపి, బుడగలు పోయాక ఇంకాస్త పోయించాడు. మూత పెడుతుంటే అంచున తడి మెరిసింది. బండితో ఇచ్చే పుస్తకంలో ట్యాంకు మెడ కింది అంచు దాటి పొయ్యొద్దని రాసే ఉంటుంది. ఆ పుస్తకం కవరు కూడా చింపకుండా మా అత్తయ్య బీరువాలో భద్రంగా ఉంది.

కల్యాణమండపం దగ్గర నీడంతా కార్లు ఆక్రమించేశాయి. మావయ్య బండి వంటశాల గోడవారన ఎండలో నిలబడింది. పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే 10 లీటర్లలో 200 మిల్లీలీటర్ల దాకా అదనం పుట్టుకొస్తుంది. ఇనప ట్యాంకూ సాగుతుంది గానీ, ఆ సాగడం పెట్రోలు సాగడంలో పాతికో వంతు దగ్గర. ఇక ఆ అదనం ఎటు పోవాలి? మూత సందులోంచి బయల్దేరింది.

ముందుగా పసిగట్టింది వంటమేస్త్రి. ఇంగువ డబ్బా తియ్యకుండానే రకం చెప్పగల ముక్కు ఆయనది. "పెట్రోలు కంపు! పొయ్యిలన్నీ కట్టెయ్యండ్రా!" అని ఒక్క అరుపు అరిచాడు. మూకుడులో గారెలు సగం వేగి ఆగాయి. నూనె చల్లారేకొద్దీ అవి దాన్ని నిదానంగా పీల్చుకుంటూ కూర్చున్నాయి. సరిగ్గా మాంగల్యధారణ సమయానికి, గట్టిమేళం మధ్యలో మైకు అందుకున్నాడెవరో: "నీలం రంగు బండి, వెనక సీటుకి పూల తువ్వాలు చుట్టి ఉన్నది, ఎవరిదండీ?"

ఆ తువ్వాలు మా అత్తయ్యది. అక్షింతలు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి మావయ్య వంక చూసింది.

బండిని నలుగురం తోసుకుంటూ దూరంగా చెట్టు కిందికి తీసుకెళ్ళాం. భోజనాలు గంట ఆలస్యం. వియ్యాలవారి తరఫు పెద్దాయన ఒకాయన బంతిలో గారె పిండి చూపించారు, చేతికి నూనె కారింది. మావయ్య మాత్రం తగ్గలేదు. "చూశావుట్రా, ఎంత పొంగిందో! అంత చిక్కటి సరుకు పట్టింది కాబట్టే పొంగింది. పల్చటిదైతే పొంగేదా?"

ఆ మాట నిజమే, అదే బాధ.

అత్తయ్య ఆ బండెక్కనంటే ఎక్కనంది. ఆటో పిలిచి కూర్చుంది, నన్నూ ఎక్కమంది. మలుపు తిరిగాక డ్రైవరుని అడిగింది:

"బాబూ, నువ్వు పెట్రోలు ఎప్పుడు కొట్టిస్తావు?"

"అయిపోయినప్పుడండి."