యూరప్ పని అయిపోయిందా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపుల్లోనూ యూట్యూబ్ చర్చల్లోనూ ఒకటే మాట తిరుగుతోంది. "యూరప్ పని అయిపోయింది. ఉక్రెయిన్ యుద్ధానికి డబ్బంతా అమెరికాదే, యూరప్‌వి ఉత్త మాటలు. రష్యా చమురు మనకంటే ఎక్కువ కొంటూ మనకు నీతులు చెబుతుంది. సొంత విదేశాంగ విధానం లేదు, అమెరికా ఏం చెబితే అదే. 27 దేశాల్లో ఒక్కటి కాదంటే ఏ పనీ జరగదు. అలాంటి యూరప్‌తో మనకేం పని?" వలస పాలన చూసిన దేశంలో ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఇందులో కొంత నిజం, కొంత పాతబడిపోయిన నిజం, కొంత శుద్ధ తప్పు. మూడింటినీ కలిపి పంచుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు డబ్బు సంగతి. ఉక్రెయిన్‌కు ఎవరు ఎంత ఇచ్చారో జర్మనీలోని కీల్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ మొదటి నుంచీ లెక్క కడుతోంది. 2024 చివరి వరకు యూరప్ ఇచ్చింది సుమారు 132 బిలియన్ యూరోలు, అమెరికా ఇచ్చింది 114 బిలియన్లు. ఆయుధాల వరకే చూసినా అమెరికా 64, యూరప్ 62. అంటే దాదాపు సమానం. 2025లో ట్రంప్ మళ్లీ వచ్చాక అమెరికా కొత్త సాయం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు అమెరికా ఆయుధాలను కూడా యూరప్ దేశాలే డబ్బు కట్టి ఉక్రెయిన్‌కు ఇప్పిస్తున్నాయి. ఇది కాక 40 లక్షల మందికి పైగా ఉక్రెయిన్ జనానికి నీడ ఇచ్చాయి. 2001 నుంచి కాగితం మీదే ఉన్న తాత్కాలిక రక్షణ చట్టాన్ని 2022 మార్చిలో మొదటిసారి అమల్లోకి తెచ్చి, పిల్లలకు బడి, పెద్దలకు ఉద్యోగం చేసుకునే హక్కు, వైద్యం కల్పించాయి. వీటిని ఉత్త మాటలు అనడం న్యాయం కాదు.

విమర్శించాలంటే అసలైన లోపం వేరే ఉంది. ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023లో మాటిచ్చారు. గడువు 2024 మార్చి. అప్పటికి సగమే ఇవ్వగలిగారు. డబ్బు లేక కాదు, తయారు చేసే ఫ్యాక్టరీలు లేక. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ముప్పై ఏళ్లు ఆయుధ పరిశ్రమను పట్టించుకోని ఫలితం అది. దానికి మూల్యం చెల్లించింది ఉక్రెయిన్ సైనికులు.

ఇక మనవాళ్లు ఎక్కువగా షేర్ చేసే చమురు మాట. 2022 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో విదేశాంగ మంత్రి జైశంకర్ అన్న మాట అందరికీ గుర్తుంది: రష్యా నుంచి మనం నెలంతా కొనేది, యూరప్ ఒక్క మధ్యాహ్నం కొనేదానికంటే తక్కువే కావచ్చని. ఆ రోజుకు అందులో వంక పెట్టడానికేమీ లేదు. తమ ఇంట్లో రష్యా గ్యాస్ మండుతుండగా మనకు నీతి బోధ చేసిన యూరప్ నాయకుల తీరు నాకూ కోపం తెప్పించింది. కానీ ఆ క్లిప్‌నే ఇవాళ్టి లెక్కగా తిప్పడం తప్పు. యుద్ధానికి ముందు 27 దేశాల యూరోపియన్ యూనియన్ (ఈయూ) దిగుమతి చేసుకునే చమురులో రష్యా వాటా సుమారు 27 శాతం. ఇప్పుడది 3 శాతానికి పడిపోయింది. 2022 డిసెంబర్ 5 నుంచి ఓడల్లో వచ్చే రష్యా ముడి చమురును నిషేధించారు. అదే కాలంలో మన దిగుమతుల్లో రష్యా వాటా నామమాత్రం నుంచి మూడో వంతు దాటింది. మన జనానికి చవగ్గా ఇంధనం కావాలి కాబట్టి కొన్నాం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే లెక్క తలకిందులైందని ఒప్పుకోవాలి.

గ్యాస్ విషయంలో యూరప్‌కు ఇంకా పని మిగిలే ఉంది. పైపుల్లోనూ ఓడల్లోనూ కలిపి రష్యా వాటా 2021లో 45 శాతం, 2024లో 19 శాతం. ఫ్రాన్స్, బెల్జియం, స్పెయిన్ రేవులకు రష్యా ఎల్‌ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన సహజవాయువు) ఓడలు వస్తూనే ఉన్నాయి. 2027లోగా పూర్తిగా ఆపేయాలన్నది లక్ష్యం. అది సాధ్యమయ్యే పనేనా అంటే విల్‌హెల్మ్స్‌హాఫెన్‌ను చూడాలి. యుద్ధం మొదలైనప్పుడు జర్మనీకి ఎల్‌ఎన్‌జీ దించుకునే టెర్మినల్ ఒక్కటి కూడా లేదు. ఉత్తర సముద్ర తీరంలోని ఈ రేవులో 2022 డిసెంబర్‌లోనే మొదటిది ప్రారంభమైంది. అనుమతులకే ఏళ్లు పట్టే దేశంలో పది నెలల్లో పూర్తయిన పని అది.

"అమెరికా ఏం చెబితే అదే" అన్న మాటకు ఆధారం లేకపోలేదు. 2025 జులై 27న స్కాట్లాండ్‌లో ట్రంప్‌కు చెందిన గోల్ఫ్ రిసార్ట్‌లోనే కూర్చుని, ఈయూ సరుకుల్లో చాలావాటిపై 15 శాతం సుంకానికి యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఒప్పుకున్నారు. పక్కన రష్యా, దాన్ని కాచుకోవడానికి కావాల్సిన పేట్రియాట్ గగనతల రక్షణ క్షిపణులేమో అమెరికా చేతిలో. ఆ భయమే అక్కడ తలవంచేలా చేసింది. కానీ అన్ని వేళలా అంతే అనడం కుదరదు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్, జర్మనీ బాహాటంగా వ్యతిరేకించాయి. గాజాలో కాల్పులకు విరామం కోరే తీర్మానంపై 2023 అక్టోబర్ 27న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగ్ జరిగితే ఈయూ దేశాల్లో 8 అనుకూలం, 15 తటస్థం, అమెరికాతో కలిసి వ్యతిరేకించినవి 4. అమెరికా మాటే వేదమైతే ఇలా మూడు ముక్కలు కారు. నా దృష్టిలో యూరప్ అసలు బలహీనత ఈ అనైక్యతే. గాజాలో పసిపిల్లలు చనిపోతుంటే ఒక్క గొంతుతో మాట్లాడలేకపోవడం చిన్న తప్పు కాదు.

ఒక్క దేశం కాదంటే అంతా ఆగిపోతుందా? విదేశాంగ నిర్ణయాలకు చాలావరకు ఏకగ్రీవం కావాలన్నది నిజమే. 2025లో రష్యాపై 18వ విడత ఆంక్షలను స్లొవేకియా వారాల తరబడి నిలిపేసింది. అయితే తలుపు మూసుకున్న ప్రతిసారీ పక్కదారి వెతకడం కూడా వాళ్లు నేర్చుకున్నారు. 2023 డిసెంబర్ 14న బెల్జియం రాజధాని, ఈయూ కేంద్రం అయిన బ్రసెల్స్‌లో ఉక్రెయిన్ సభ్యత్వ చర్చలపై నిర్ణయం జరిగేటప్పుడు అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి బయటికి వెళ్లారు. బయటికెళ్లి కాఫీ తాగి రమ్మని సలహా ఇచ్చింది అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్. మిగతా 26 మంది ఆమోదించేశారు.

ఇంకా పెద్దది, యుద్ధం మొదలయ్యాక ఈయూ స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తుల విషయం. సుమారు 210 బిలియన్ యూరోలు. ఎక్కువ భాగం బ్రసెల్స్‌లో బాండ్ల వంటి ఆస్తులను భద్రపరిచే యూరోక్లియర్ సంస్థ దగ్గరే ఉంది. ఆరు నెలలకోసారి ఏకగ్రీవంగా పొడిగించకపోతే ఆ డబ్బు విడుదలైపోయే పరిస్థితి ఉండేది, కాబట్టి ప్రతిసారీ టెన్షనే. 2025 డిసెంబర్ 12న ఆర్థిక అత్యవసర పరిస్థితికి ఉద్దేశించిన, ఈయూ ఒప్పందంలోని 122వ అధికరణను వాడి, మెజారిటీ ఓటుతోనే ఆ ఆస్తులను నిరవధికంగా బిగించేశారు. వారం తిరక్కుండానే, ఆ ఆస్తుల ఆధారంగా ఉక్రెయిన్‌కు అప్పు ఇవ్వాలన్న ప్రతిపాదన మాత్రం వీగిపోయింది. రేపు రష్యా కోర్టుకెక్కితే భారమంతా తన నెత్తిన పడుతుందని బెల్జియం భయపడింది. చివరికి ఈయూయే 90 బిలియన్ యూరోలు అప్పు తెచ్చి ఇవ్వాలని నిర్ణయించారు. నిదానం ఉంది, తడబాటు ఉంది. ఏ పనీ జరగదన్నది మాత్రం అబద్ధం.

"మనకేం పని" అనేవాళ్లు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుని అడగాలి. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేశాక, ఎగుమతిదారులు ప్రత్యామ్నాయం కోసం చూసింది యూరప్ వైపే. సెప్టెంబర్‌లో మన దేశంలోని మరో 102 సముద్ర ఉత్పత్తుల యూనిట్లకు ఈయూ అనుమతి ఇచ్చింది. 2007లో మొదలై మధ్యలో ఏళ్ల తరబడి ఆగిపోయిన స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2026 జనవరి 27న ఢిల్లీలో కొలిక్కి వచ్చాయి. ఇదే యూరప్ మనకు ఇబ్బంది కూడా పెట్టగలదు. రష్యా చమురు సంబంధాల కారణంగా 2025 జులైలో గుజరాత్‌లోని నయారా రిఫైనరీపై ఆంక్షలు పెట్టింది. ఉక్కు, అల్యూమినియం ఎగుమతులపై కార్బన్ సుంకం (తయారీలో వెలువడే కర్బన కాలుష్యాన్ని బట్టి వేసేది) 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన సరుకులో సగం దాకా పరీక్షించాలన్న నిబంధన కూడా అక్కడ పెట్టిందే. వాటిని సడలించమని బేరమాడాల్సింది ఆ బ్రసెల్స్‌తోనే.